మైక్రోవేవ్ ప్లాస్మా మెషిన్ కొనాలా? ఇంకు నిలబెట్టడం వేరు, పూత వేయడం వేరు

ముందు మీ ప్రశ్న కుదించి చెప్తాను, మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీది జీడిమెట్లలో పాలీప్రొపిలీన్ డబ్బాలు మౌల్డ్ చేసే చిన్న యూనిట్. స్క్రీన్ ప్రింటింగ్ చేసిన ఇంకు టేపు అంటించి లాగితే ఊడొస్తోంది. ఇంకో కస్టమరేమో చిన్న సర్క్యూట్ బోర్డుల మీద నీళ్లు జారిపోయే పల్చటి పూత కావాలంటున్నాడు. 2.45 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ ప్లాస్మా మెషిన్ (పల్చటి గ్యాస్‌కు మైక్రోవేవ్ తగిలించి, అది ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయి వెలిగేలా చేసేది) ఒక్కటి తీసుకుంటే రెండు పనులూ అయిపోతాయని ఒక సేల్స్ ఆయన కొటేషన్ పెట్టాడు. కొనాలా వద్దా, ఒకసారి ట్రీట్ చేస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది, యూట్యూబ్‌లో చూపించినట్టు వంటింటి ఓవెన్‌తో ముందు ట్రై చేయొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తే: ఇంకు కోసమైతే కొనకండి. పూత కోసమైతే ఆలోచించదగ్గదే, కానీ మీ బోర్డులకు ఆ పూత సరిపోతుందో లేదో తేలాక. ఓవెన్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

నేను వాక్యూమ్ పూతల జాబ్ వర్క్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను. మైక్రోవేవ్, 13.56 మెగాహెర్ట్జ్ ఆర్ఎఫ్ (రేడియో తరంగాలు), 40 కిలోహెర్ట్జ్, మూడు రకాల మెషిన్ల మీదా పని చేశాను. కాబట్టి మెషిన్ అమ్మేవాళ్ల బ్రోచర్లలో ఉండనివి కొన్ని చెప్పగలను.

ఇంకు సంగతి ముందు చూద్దాం. పాలీప్రొపిలీన్ అంటే ఒట్టి కార్బన్, హైడ్రోజన్ గొలుసులు. ఇంకు పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. దాని ఉపరితల శక్తి మీటరుకు 30 మిల్లీన్యూటన్ల దగ్గర ఉంటుంది. షాపుల్లో దీన్నే 30 డైన్లు అంటాం. ఇంకు చక్కగా పరుచుకోవాలంటే ప్లాస్టిక్ లెక్క ఇంకు లెక్కకంటే ఓ 10 డైన్లు ఎక్కువ ఉండాలని ప్రింటింగ్ వాళ్లు చెప్పుకుంటారు. ఆక్సిజన్ ప్లాస్మా ఆ గొలుసుల మీద ఇంకు పట్టుకోగల హైడ్రాక్సిల్, కార్బొనిల్, కార్బాక్సిల్ గ్రూపులు పుట్టిస్తుంది. 0.3 మిల్లీబార్ దగ్గర అర నిమిషం నుంచి రెండు నిమిషాలు చాలు, 50 డైన్లు దాటిపోతుంది. బానే ఉంది. కానీ గాలిలోనే పనిచేసే కొరోనా (హై వోల్టేజితో గాలిలో పుట్టించే విద్యుత్ మెరుపు), గ్యాస్ మంట కూడా ఇవే గ్రూపులు పుట్టిస్తాయి. కవర్ల ఫిల్మ్ ప్రింట్ చేసేవాళ్లు రోజూ వాడేది కొరోనానే. కార్ల బంపర్లకు పెయింటు ముందు మంట చూపిస్తారు. గుండ్రటి డబ్బాకు మంట ట్రీట్‌మెంట్ ఎప్పటినుంచో ఉన్నదే. వాక్యూమ్ ఛాంబర్, పంపు, మైక్రోవేవ్ పుట్టించే మాగ్నెట్రాన్ అన్నీ పెట్టుకుని బ్యాచ్‌లవారీగా డబ్బాలు ఎక్కించి దించడం మీ రేటుకు గిట్టుబాటు కాదు.

అసలు నాకు అనుమానం ఇంకో చోట ఉంది. డబ్బా సులువుగా ఊడిరావడానికి మౌల్డ్ మీద ఏ స్ప్రే కొడుతున్నారు? అది సిలికాన్ స్ప్రే అయితే, ఎంత ఖరీదైన ప్లాస్మా తెచ్చినా మీ ఇంకు నిలవదు. మామూలు నూనె, గ్రీజు మరకలైతే ఆక్సిజన్ ప్లాస్మాలో కాలి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా వెళ్లిపోతాయి. సిలికాన్ అలా పోదు. దాంట్లోని మిథైల్ గ్రూపులు ఎగిరిపోయి, సిలికాన్ మూలకం (ఇసుకలో ఉండేది), ఆక్సిజన్ మిగిలిపోయి పైన గాజులాంటి పొర కడుతుంది. ఆ పొరకు నీళ్లంటే ఇష్టం కాబట్టి డైన్ పెన్నుతో (ఉపరితలం ఎన్ని డైన్లో చూపించే ఇంకు పెన్ను) గీస్తే రీడింగ్ అద్భుతంగా వస్తుంది. కింద మాత్రం నూనె అలాగే ఉంటుంది. ఇంకు వేసి, ఆరబెట్టి, టేపు లాగితే ఆ గాజు పొరతో సహా వచ్చేస్తుంది. ఊడొచ్చిన ఇంకు వెనక వైపు వేలితో రుద్ది చూడండి, జారుడుగా అనిపిస్తే దాదాపు ఇదే కారణం. ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిస్తే సరిపోతుందని కూడా అనుకోకండి. సిలికాన్ నూనె దానికి సరిగ్గా లొంగదు, మరక ఇంకాస్త పెద్దగా పరుచుకుంటుంది అంతే. మౌల్డ్ శుభ్రంగా కడిగించి, స్ప్రే లేకుండా ఒక బ్యాచ్ తీసి, వాటి మీద ప్రింట్ చేసి చూడండి. స్ప్రే తప్పదంటే సిలికాన్ లేనిది, పైన పెయింటు పడుతుందని రాసి ఉన్నది తెప్పించండి.

ఇంకో దొంగ ఉంది, ప్లాస్టిక్ జారుడుగా ఉండటానికి గ్రాన్యూల్స్‌లో కలిపే స్లిప్ ఏజెంటు, ఎరూకమైడ్ లాంటివి. ఇది లోపలినుంచి మెల్లగా పైకి తేలుతుంది. ఈరోజు ట్రీట్ చేసిన డబ్బా వారానికి మళ్లీ మొదటికొస్తుంది. మీ గ్రేడ్‌లో అది ఉందో లేదో సప్లయర్‌ని అడగండి.

ఎన్నాళ్లు నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. స్లిప్ ఏజెంటు లేకపోయినా ట్రీట్‌మెంట్ క్రమంగా తగ్గుతుంది. పైన పుట్టిన గ్రూపులు గొలుసులతోపాటు తిరిగి లోపలికి మళ్లుతాయి. సిలికాన్ రబ్బరు గంటల్లోనే పాత బుద్ధికి వచ్చేస్తుంది. పాలీప్రొపిలీన్ రోజుల నుంచి వారాలు తీసుకుంటుంది. వేడి ఎక్కువైతే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది; మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన స్టాకు గురించి వేరే చెప్పక్కర్లేదు. అందుకని ట్రీట్ చేసిన షిఫ్టులోనే ప్రింట్ చేయడం మంచిది. ఒకసారి ఇంకు పట్టేసిందంటే ఆ తర్వాత ఈ బెడద ఉండదు.

అతిగా చేయడం కూడా ప్రమాదమే, ఇది చాలామందికి తెలియదు. ఎక్కువసేపు ట్రీట్ చేస్తే గొలుసులు తెగి పొట్టి ముక్కలవుతాయి. అవి నీళ్లలో కరిగే బంకలా ఉపరితలం మీద కూర్చుంటాయి. డైన్ పెన్ను 70 చూపిస్తుంది, టేపు టెస్టు ఫెయిలవుతుంది. కనిపెట్టడం సులువే: తడి గుడ్డతో ఒకసారి తుడిచి, ఆరాక మళ్లీ గీయండి. రీడింగ్ ఢమాల్న పడిపోతే ట్రీట్‌మెంట్ టైము తగ్గించండి. పెన్నుతో గీసిన గీత 2 సెకన్లపాటు చిట్లకుండా నిలవాలి, ముత్యాల్లా విడిపోతే ఆ నంబరు అందలేదన్నమాట. ఆ పెన్నుల్లో సాధారణంగా ఫార్మమైడ్ ఉంటుంది, గ్లౌజులు వేసుకునే వాడండి. గీసిన డబ్బాను మాత్రం ప్రింటింగ్‌కు పంపకండి.

ఇక మైక్రోవేవ్‌లో ప్రత్యేకత ఏమిటంటే:

తక్కువ ఒత్తిడిలో ఉన్న గ్యాస్‌కు మైక్రోవేవ్ తగిలిస్తే సెకనుకు 245 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగే ఆ విద్యుత్ క్షేత్రంతో తేలికైన ఎలక్ట్రాన్లు మాత్రమే ఊగగలవు. బరువైన అయాన్లు కదలలేవు. శక్తంతా ఎలక్ట్రాన్లకే పోతుంది. అవి సగటున 1, 2 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటాయి. 1 ఎలక్ట్రాన్ వోల్టు అంటే 11,600 కెల్విన్. గ్యాస్ మాత్రం చేయి పెట్టగలిగేంత చల్లగానో, కాస్త వెచ్చగానో ఉంటుంది. అందుకే ప్లాస్టిక్ కరగకుండా పని జరుగుతుంది. అదే మైక్రోవేవ్‌తో ఒత్తిడి వందల రెట్లు పెంచి, హైడ్రోజన్, మీథేన్ పంపితే గ్యాస్ కూడా వేల డిగ్రీలకు వెళ్తుంది. సూరత్‌లో ల్యాబ్ వజ్రాలు పెంచేది అలాగే. కాబట్టి "మైక్రోవేవ్ ప్లాస్మా చల్లగా ఉంటుంది" అని ఎవరన్నా అంటే, ఎంత ఒత్తిడి దగ్గర అని అడగాలి.

రెండో ప్రత్యేకత, మా పనిలో అసలు లాభం ఇదే: మైక్రోవేవ్ ప్లాస్మాలో ఎలక్ట్రాన్ల సాంద్రత ఎక్కువ, వస్తువును గుద్దే అయాన్ల వేగం తక్కువ. వస్తువు మీద పడే అయాన్ శక్తి సాధారణంగా 10, 20 ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటుంది. ఆర్ఎఫ్ మెషిన్‌లో కరెంటు ఇచ్చే ప్లేటు మీదే వస్తువు పెడితే అది వందల్లోకి వెళ్లొచ్చు. అంటే మైక్రోవేవ్‌లో పూత వేగంగా ఎక్కుతుంది, కింది ప్లాస్టిక్ దెబ్బతినదు. పెట్ సీసాల లోపల పూత వేసే కంపెనీలు దీన్నే ఎంచుకోవడానికి కారణం ఇది. ఫ్రాన్స్ కంపెనీ సిడెల్ 1990ల చివర్లో తెచ్చిన ఆక్టిస్ పద్ధతిలో ఎసిటిలీన్ గ్యాస్‌ను సీసాలోకి పంపి, మైక్రోవేవ్‌తో 0.1 మైక్రాన్ చుట్టుపక్కల మందంలో కార్బన్ పొర వేస్తారు. జర్మనీ కేహెచ్ఎస్ వాళ్ల ప్లాస్మాక్స్‌లో కార్బన్‌కు బదులు సిలికా పొర. రెండూ సెకన్లలో అయిపోయే పనులు. ఆ పొర వల్ల సీసాలోకి ఆక్సిజన్ రావడం, లోపలి గ్యాస్ బయటికి పోవడం బాగా తగ్గుతాయి.

ఇప్పుడు పాలిమర్ పూత. దీన్ని ప్లాస్మా పాలిమరైజేషన్ అంటారు. మామూలు పాలిమర్‌లా ఒకే ముక్క వరుసగా అతుక్కుంటూ పోదు. ప్లాస్మాలో మోనోమర్ (పూతకు ముడిసరుకైన చిన్న అణువు) ముక్కలై, ఆ ముక్కలు ఉపరితలం మీద అడ్డదిడ్డంగా అల్లుకుంటాయి. డబుల్ బాండ్ లేని ద్రవం నుంచి కూడా పొర వస్తుంది. మేం ఎక్కువగా వాడేది హెక్సామిథైల్ డైసిలాక్సేన్, షాపులో హెచ్ఎండీఎస్ఓ అంటాం. వేడి చేయకుండానే వాక్యూమ్‌లోకి ఆవిరి ఇస్తుంది. సులువుగా నిప్పంటుకుంటుంది, అది గుర్తుంచుకోండి. దీన్ని ఒక్కదాన్నే పంపితే సిలికాన్ రబ్బరు లాంటి పొర వస్తుంది, నీటి బొట్టు పరుచుకోకుండా, అంచు 100 డిగ్రీల కోణంలో నిలుస్తుంది. పదింతల ఆక్సిజన్ కలిపి పంపితే అదే ద్రవం నుంచి గాజు లాంటి, నీళ్లు పరుచుకునే, గట్టి పొర వస్తుంది. మెషిన్ అదే, బాటిల్ అదే. మారింది ఆక్సిజన్ మోతాదు ఒక్కటే.

వాట్లు చూసి మోసపోకండి. "మాది 1200 వాట్ల మెషిన్" అంటే పూత గురించి ఏమీ చెప్పనట్టే. మోనోమర్ కిలోకు ఎంత శక్తి పడిందన్నదే పూత గుణాన్ని నిర్ణయిస్తుంది. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హిరోత్సుగు యాసుదా చెప్పిన లెక్క ఇది. పవర్‌ను, ప్రవాహం మోలార్ బరువుల లబ్ధంతో భాగించాలి. దోసెల పెనం లాంటిదే, మంట ఎంత అన్నది కాదు, ఎంత పిండికి ఎంత మంట అన్నదే లెక్క. హెచ్ఎండీఎస్ఓ నిమిషానికి 10 ఘన సెంటీమీటర్ల ఆవిరి, 100 వాట్లు అనుకుందాం. దాని మోలార్ బరువు 162 గ్రాములు కాబట్టి కిలోకు దాదాపు 83 మెగాజూళ్లు పడుతుంది. ప్రవాహం 40 చేసి పవర్ అక్కడే ఉంచితే 21కి దిగుతుంది. మొదటి పొర గట్టిగా, బాగా అల్లుకుని ఉంటుంది. రెండోది మెత్తబడి, ఇంకా కిందికి వెళ్తే జిడ్డుగా వేలికి అంటుతుంది. అక్రిలిక్ ఆమ్లం లాంటి వాటిలో కార్బాక్సిల్ గ్రూపులు చెదరకుండా పూత కావాలంటే కావాలనే ఈ లెక్క తగ్గిస్తాం, లేదా పవర్‌ను పల్సులుగా ఇస్తాం. మరీ ఒత్తిడి పెంచితే పొర కాదు, గ్యాస్‌లోనే తెల్ల పొడి తయారై వస్తువుల మీద రాలుతుంది.

పూత ఎంత మందం పడిందో చూడటానికి మీకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. ప్రతి బ్యాచ్‌లోనూ గోరంత పాలిష్ సిలికాన్ వేఫర్ (కంప్యూటర్ చిప్పులు చేసే పల్చటి బిళ్ల) ముక్క పెడతాను. పూత లేనప్పుడు బూడిద రంగు అద్దంలా ఉంటుంది. సిలికా పొర 50 నానోమీటర్ల దగ్గర గోధుమ రంగులోకి వస్తుంది, 100 దగ్గర ముదురు ఊదా, 120 దాటితే నీలం, 200 దగ్గర లేత బంగారు రంగు. ట్రే ఈ మూలా ఆ మూలా రెండు ముక్కలు పెట్టి, ఒకటి ఊదా, ఒకటి నీలం వచ్చిందంటే ప్లాస్మా సమంగా లేదని కొలవకుండానే తెలిసిపోతుంది. మైక్రోవేవ్‌లో ఈ అసమానత పెద్ద తలనొప్పి. తరంగం పొడవు 12.2 సెంటీమీటర్లు, అందులో సగానికి ఒక చోట చొప్పున ఛాంబర్‌లో వేడి మచ్చలు ఏర్పడతాయి. పొడుగాటి యాంటెన్నాల వరుసలతోనో, ట్రే తిప్పడంతోనో దీన్ని సర్దుతారు. ఆర్ఎఫ్ తరంగం 22 మీటర్లు కాబట్టి వాళ్లకు ఈ బాధ ఉండదు.

మీ బోర్డుల దగ్గరికి వస్తే, నాకు మూడు అభ్యంతరాలున్నాయి. మొదటిది, సిలికాన్ లాంటి పొర నీటి బొట్లను తోస్తుంది గానీ నీటి ఆవిరిని ఆపదు. బోర్డు మీద తుంపర పడితే కాపాడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో నెలల తరబడి ఉప్పు తేమలో ఉండాలంటే 100 నానోమీటర్ల పొరను నమ్ముకోలేం. ఆ పనికి మామూలు అక్రిలిక్ కన్ఫార్మల్ కోటింగో (బోర్డంతా కప్పే వార్నిష్ లాంటి పూత), పారిలీన్ అనే పాలిమర్ పూతో కావాలి. వాటి మందం మైక్రాన్లలో ఉంటుంది. గాజు లాంటి పొర ఆవిరిని ఆపుతుంది కదా అంటారేమో, బోర్డు వంగినా, వేడెక్కినా అది పగుళ్లిస్తుంది.

రెండోది, ప్లాస్మా వెలిగే ముందు క్షణంలో మైక్రోవేవ్ నేరుగా బోర్డు మీద పడుతుంది. రాగి ట్రాకులు యాంటెన్నాల్లా పనిచేసి కొసల దగ్గర మెరుపు కొడతాయి. ప్లాస్మా వెలిగి, ఎలక్ట్రాన్లు ఘన సెంటీమీటరుకు 7,400 కోట్లు దాటాక అది మైక్రోవేవ్‌ను బయటే ఆపేస్తుంది, అప్పుడు ఫర్వాలేదు. అందుకని బోర్డులను ప్లాస్మాకు దూరంగా, మధ్యలో లోహపు జల్లెడ పెట్టి, గ్యాస్ పారే కింది వైపున ఉంచాలి. మెషిన్‌లో ఆ ఏర్పాటు ఉందా?

మూడోది చిన్నదే. బోర్డు మీద బ్యాటరీ, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటే వాక్యూమ్‌కు తట్టుకుంటాయో లేదో విడిగా చూసుకోండి.

సేల్స్ ఆయన ఫ్లోరిన్ ఉన్న మోనోమర్ చూపించి 110 డిగ్రీల కోణం వస్తుందని ఊరించొచ్చు. వస్తుంది, నిజమే. కానీ ఫ్లోరిన్ రసాయనమైన పీఎఫ్ఓఏ 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం (చాలాకాలం నశించని హానికర రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోకి ఎక్కింది. ఎక్స్‌పోర్ట్ కస్టమర్లు ఇప్పుడు ఈ జాతి మొత్తాన్నీ వద్దంటున్నారు. ఫ్లోరిన్ లేని దారి ఉండగా ఆ తలనొప్పి తెచ్చుకోకండి.

ఓవెన్ విషయం. సిలికాన్ రబ్బరును గాజుకు అతికించడానికి కొన్ని ల్యాబుల్లో వంటింటి ఓవెన్‌లో వాక్యూమ్ గాజుపాత్ర పెట్టి వాడిన మాట నిజమే. కానీ ఆ ఓవెన్‌కు ట్యూబు కోసం రంధ్రం పెట్టిన క్షణంలో దాని కవచం పోయింది. ఓవెన్ నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించి లీకు కాకూడదన్నది నియమం. ఆ రంధ్రం తర్వాత ఎంత వస్తోందో మీరు కొలవలేరు. మూత విప్పితే లోపల 4,000 వోల్టుల దగ్గర సరఫరా ఉంటుంది. ప్లగ్గు పీకినా కెపాసిటర్ ప్రాణం తీయగలదు. పైగా ప్రయోగంగా కూడా అది మీకేమీ చెప్పదు. పాత రకం ఓవెన్‌లో మాగ్నెట్రాన్ సెకనుకు 50 సార్లు వెలిగి ఆరుతుంది. "సగం పవర్" అంటే కొన్ని సెకన్లు ఫుల్లు, కొన్ని సెకన్లు సున్నా. అక్కడ వచ్చిన ఫలితం అసలు మెషిన్‌లో రాదు.

ఇన్ని చెప్పాక కూడా బోర్డుల ఆర్డరు పెద్దదై, తుంపర రక్షణ చాలని కస్టమర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కొనేముందు ఇవి అడగండి. తిరిగొచ్చే పవర్‌ను చూపించే మీటరు, ఆ పవర్ మాగ్నెట్రాన్‌కు తగలకుండా మళ్లించే సర్క్యులేటర్, అది తగ్గేలా సర్దే ట్యూనర్ ఉన్నాయా? అవి లేకపోతే మీరు సెట్ చేసిన వాట్లలో ప్లాస్మాకు ఎన్ని చేరాయో తెలియదు. క్వార్ట్జ్ కిటికీ మార్చడానికి ఎంతవుతుంది? సిలికా పొర కిటికీ మీద పడినా మైక్రోవేవ్ దాటుతుంది, కార్బన్ పొర పేరుకుంటే వేడెక్కి కిటికీ పగులుతుంది. పంపులో ఏ నూనె? ఆక్సిజన్ లాగే పంపులో మామూలు మినరల్ ఆయిల్ ఉంటే పేలే ప్రమాదం ఉంది. ఫ్లోరినేటెడ్ నూనె గానీ, నూనె లేని డ్రై పంపు గానీ ఉండాలి. దీని మీద బేరమాడొద్దు.

మీ బోర్డులే ఇచ్చి, మీ కళ్ల ముందు పూత వేయించమనండి. గ్లో రంగు గమనించండి. హెచ్ఎండీఎస్ఓ ఒక్కటే పంపుతున్నప్పుడు నీలంగా ఉండాల్సినది గులాబీ ఊదాకు తిరిగితే ఎక్కడో గాలి లీకవుతోంది.

సొంతంగా మెషిన్ కొనకుండానే పరీక్షించాలంటే గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థకు చెందిన ఎఫ్‌సీఐపీటీని సంప్రదించొచ్చు, పరిశ్రమల కోసమే పెట్టిన విభాగం అది. కులూ అంగోరా ఉన్ని నేతగాళ్లకు గాలి ప్లాస్మా మెషిన్ చేసిచ్చింది వాళ్లే. అంగోరా పోగు మరీ నున్నగా ఉండి జారిపోయేది, ప్లాస్మా దాన్ని కాస్త గరుకు చేస్తే నూలు వడకడం సాధ్యమైంది.

ముందు ఆ స్ప్రే లేని బ్యాచ్ తీసి టేపు టెస్టు చేయండి. స్ప్రే డబ్బా మీద రాసి ఉన్నదీ, ఇంకు యూవీ రకమా సాల్వెంట్ రకమా అన్నదీ, తడి గుడ్డకు ముందూ తర్వాతా డైన్ రీడింగులూ ఇక్కడ రాస్తే మంట సరిపోతుందా, కొరోనా కావాలా చెప్తాను.